నూతిగట్టు మీద చెప్పులు

శవాగారంలో గుడ్డ తొలగించి చూపించినప్పుడు తవిటయ్య మీసం సగం తెల్లగా, సగం డికాషన్ రంగులో ఉంది. ఎడమ చెవి వెనక అదే మరక. గోళ్ళ సందుల్లోనూ అదే. తడిగుడ్డ పెట్టి గట్టిగా రుద్దాను. పోలేదు.

"నూతిలో తుప్పు, దీదీ. ముసలాడు రాత్రి దూకాడు, పొద్దున్న తేలాడు, అయిపోయింది," అన్నాడు అక్కడి మనిషి బెంగాలీలో, గుడ్డ మళ్ళీ కప్పేస్తూ.

అయిపోయిందట! పోలీసు ఠాణా దారోగా బాబూ అదే రాసుకుని కూర్చున్నాడు. నాలుగింటికి వచ్చి తవిటయ్య భార్య, ఆ ముసలమ్మ చేత వేలిముద్ర వేయించుకుంటే ఆత్మహత్య కింద కాగితాలు మూసేస్తారు. ఆవిణ్ణి ఎక్కడో వృద్ధాశ్రమానికి తరలించేస్తారు. ఆ తరవాత ఆవిడ ఉందో పోయిందో అడిగే నాథుడుండడు. రేపు ఆవిడా పోతే, మొగుడి మీద బెంగతో పోయిందని నాలుగు మాటలు చెప్పి ఊరుకుంటారు. నన్ను పొద్దున్నించీ తినేస్తున్న భయం అదే.

నేను మీనాకుమారిని. రైల్వే రక్షక దళంలో సబ్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి, పై అధికారితో పడక, రాజీనామా మొహాన కొట్టి బయటికొచ్చినదాన్ని. ఇప్పుడు ఖరగ్‌పూర్ తాల్‌బగీచాలో మా ఇంటి ముందుగదిలో బల్ల వేసుకుని ప్రైవేటు విచారణలు చేస్తున్నాను. ఎక్కువగా పెళ్ళి విచారణలే. అబ్బాయి తాగుతాడా, అమ్మాయి వైపు వంశంలో ఏవైనా రోగాలున్నాయా, ఇవీ నా కేసులు. చావు కేసు నా దగ్గరికి రావడం ఇదే మొదలు.

తెచ్చింది శ్రావణి. పాత కట్టడాలు కొలిచి, బొమ్మలు గీసి, బాగుచేయించే చదువు చదివిన పిల్ల. సాలువా దారిలో ఉన్న పాత కుష్ఠాశ్రమాన్ని ఒక ట్రస్టు మ్యూజియంగా మారుస్తోంది. ఆ పని చూస్తూ, అక్కడివాళ్ళ కథలు కెమెరాలో ఎక్కిస్తున్నది ఈ పిల్లే. అక్కడ రోగం నయమైపోయి, పోవడానికి ఇంకో చోటు లేక ఉండిపోయినవాళ్ళు చివరికి ఇద్దరే మిగిలారు. తవిటయ్య, ఆయన భార్య అప్పలనర్సమ్మ. నిన్న తవిటయ్య శ్రావణితో, "రేపు కెమెరా ఎట్టమ్మా, మా గుంటడు, నా కొడుకెవులో సెప్పేస్తాను," అన్నాడట. ఈ పొద్దున్న నూతిలో తేలాడు.

చావబోయేవాడు రేపు కెమెరా పెట్టమంటాడా? ఈ ఒక్క ముక్క దారోగాకి ఎందుకు తట్టలేదో తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుకొచ్చింది.

మండితే మండింది గానీ, స్కూటీ ఆ గేటు ముందు ఆపాక లోపలికి అడుగు పడలేదు. మా చిన్నప్పుడు దీన్ని పెద్దరోగం కాలనీ అనేవారు. ఈ గోడ పక్కనించి పోవాల్సొస్తే మా అమ్మ నా ముక్కుకి కొంగు అడ్డం పెట్టి గబగబా లాక్కుపోయేది. రోగం తగ్గినవాళ్ళ దగ్గర్నించి ఎవరికీ ఏదీ అంటదని నాకు తెలుసు. తెలిసినా నా చేతులు వాటంతటవే కొంగులో దూరాయి. సిగ్గేసింది. భయం మాత్రం పోలేదు.

పెంకుటిళ్ళ వరసలో అన్నిటికీ తలుపులు ఊడిపోయాయి. ఆఖరి గదికే తలుపుంది. గడపలో అప్పలనర్సమ్మ కూర్చుని ఉంది. ముక్కు కాస్త అణిగిన ముఖం, లోపలికి ముడుచుకుపోయిన వేళ్ళు. గడప పక్కన నల్ల రబ్బరు చెప్పులు బోర్లా పడి ఉన్నాయి. అలవాటుకొద్దీ కాలితో తన్ని తిన్నగా పెట్టాను.

"ఓలమ్మా! ఏటి సేసినావు!" ముసలమ్మ అరిచిన అరుపుకి వెనక్కి ఒక అడుగేశాను. "తిరగెయ్యి! ముందు తిరగెయ్యి సెప్తాను!"

"చెప్పు బోర్లా పడితే ఇంట్లో దెబ్బలాటలొస్తాయి కదమ్మా," అన్నాను కంగారుగా.

"మీ ఇల్లల్లో వొస్తాయేమో. మా ఇల్లల్లో బోర్లించకపోతే కాల్లే పోతాయి. మా కాల్లకి మేకు గుచ్చుకున్నా తెలీదు, తేలు కుట్టినా తెలీదు. ఇప్పిన ఎంటనే దులిపి, ఎలుగులో ఎట్టి లోపల సూసుకుని, అలగే బోర్లించి ఒగ్గెయ్యాల. ఇక్కడ కాలెట్టిన మొదటిరోజునే సిస్టరమ్మ నేర్పింది. మర్సిపోతే ఆ పూట కూడు నేదు."

"మీ ఆయన కూడా అంతేనా?"

"ఆయనా? ఈ గోడలోపలికి వొచ్చింది మొదలు ఒక్కనాడు తప్పనేదు."

నేను శ్రావణి వైపు తిరిగాను. "పొద్దున్న తీసిన ఫోటో చూపించు."

ఆ పిల్ల ఫోను తీసింది. లేత ఎండలో నూతిగట్టు. గట్టు మీద తవిటయ్య చెప్పులు. ఒకదాని పక్కన ఒకటి, పట్టీలు పైకి, పెళ్ళిపందిట్లో విడిచినంత బుద్ధిగా ఉన్నాయి.

"ఎవరైనా ముట్టుకున్నారా?" గొంతు తగ్గించి అడిగాను.

"లేదాంటీ. నూతి రాతిపని ఫోటో తీద్దామని నేనే ముందు వెళ్ళాను. తీశాక చెప్పులు చూశాను. అప్పుడు లోపలికి తొంగిచూశాను."

ముసలమ్మకి ఈ సంగతి వెంటనే చెప్పబుద్ధి కాలేదు. పక్కన కూర్చున్నాను.

"నిన్న సాయంత్రం ఎవరైనా వచ్చారామ్మా?"

"ఎవులూ రానేదు."

"తవిటయ్య ఎవరితోనైనా గొడవపడ్డాడా?"

"మాతో గొడవలాడ్డానికి ఎవులొస్తారు? మాకాడికి మనుసులొచ్చీదే నేదు."

"పిల్లలు?"

"నేరు."

టక్కున వచ్చింది జవాబు. శ్రావణి తలెత్తి ఆవిణ్ణి చూసింది. ఆవిడ ఎవరివైపూ చూడలేదు. ఒళ్ళో ఒక గుడ్డమూట ఉంది. అప్పటికే చీరలు సర్దుకుని సిద్ధంగా ఉంది.

"దారోగాబాబు ఎప్పుడొస్తాడమ్మా? నన్నెప్పుడు తీసికెల్తారు?" అని అడిగింది.

భర్త పోయి ఒక రోజు కూడా కాలేదు. ఈ ఇల్లు వదిలి ఎక్కడికీ పోనని ట్రస్టువాళ్ళతో ఏడాదిగా దెబ్బలాడుతున్న మనిషట. ఈ వేళ మూట కట్టుకుని కూర్చుంది. ఈవిడ దేన్నో దాస్తోంది, దాచేది తన కోసం కాదు అనిపించింది. నన్ను మరీ భయపెట్టింది ఆవిడ తొందరే.

"తవిటయ్య సాయంత్రాలు ఎక్కడుంటాడు?"

"కట్లగదిలో. కాల్లు నానబెట్టుకోవాల కదా."

పుండ్లకి కట్లు కట్టే ఆ గదికి పోయే దారిలో ఒక పొడవాటి గోడ అడ్డొచ్చింది. గోడ మధ్యలో ఇనప చువ్వల కిటికీ. కిటికీ అడుగుబండ మధ్యలో అరిగిపోయి నున్నగా మెరుస్తోంది.

"దీన్ని చూపుల కిటికీ అంటారాంటీ," అంది శ్రావణి. "రోగం అంటుతుందని పుట్టిన పిల్లల్ని మూడోరోజునే గోడ అవతలి ఇంటికి తీసుకుపోయేవారు. ఆదివారం ఆదివారం అవతల ఆయా ఎత్తి చూపిస్తే, ఇవతల్నించి తల్లులు చూసేవారు. ముట్టుకోడానికి వీల్లేదు. కాస్త పెద్దయ్యాక ఎవరైనా పెంచుకోడానికి తీసుకుపోయేవారు."

"ఆ తరవాత?"

"బయట ఎక్కడ కనబడినా పలకరించకూడదు. అది డాక్టర్లు పెట్టింది కాదు, వీళ్ళు తమకి తామే పెట్టుకున్న కట్టుబాటు. తవిటయ్య తాత వాళ్ళబ్బాయిని స్టేషన్లో ఎన్నోసార్లు చూశాట్ట. ఒక్కసారీ పలకరించలేదట."

"అంటే కొడుకున్న మాట నిజమే."

"ఉన్నాడు. పేరు రేపు చెప్తానన్నారు."

ఆ బండని అరగదీసింది ఆ తల్లుల చేతులే. నా బుద్ధికి ఇంకొకటి కూడా తోచింది. పేరు రేపు చెప్తానన్నాడు, రేపనేది రాకుండానే పోయాడు. ఆ కొడుకో, కొడుకు పరువు కాపాడేవాడెవడో ఊళ్ళో తిరుగుతున్నాడు. పెళ్ళి విచారణలు చేసే నాకు తెలియనిదా! వంశంలో పెద్దరోగం ఉందని ఒక్క మాట పొక్కితే శుభలేఖలు పంచేసిన పెళ్ళిళ్ళు కూడా ఆగిపోతాయి. ఈ కాలంలోనూ ఆగిపోతాయి.

"నువ్వు పోయి ఆ నూతిలోంచి ఒక బకెట్ నీళ్ళు తోడుకురా. తుప్పు ఎంతుందో చూద్దాం," అని శ్రావణిని పంపించి, నేనొక్కదాన్నీ కట్లగదిలోకి వెళ్ళాను.

ఎత్తయిన పైకప్పు, సున్నం గోడలు. తలుపులు రెండు. ఇటు రోగులది, అటు డాక్టర్లది. గది మధ్యన నడుమెత్తు గోడ. రోగుల వైపు గోడవారన పొడుగ్గా సిమెంటు తొట్టి, దాని ముందు అరుగు. అరుగు మీద కూర్చుని తొట్టిలో కాళ్ళు పెట్టుకుంటారన్నమాట. చివర అలమారులో గాజుసీసా. అందులో ఊదారంగు పలుకులు. పర్మాంగనేటు. మా ఇంట్లోనూ కూరలు కడగడానికి ఉండేది. నీళ్ళలో వేస్తే ఊదారంగు, ఆరిపోతే గోధుమరంగు. గోళ్ళకంటితే వారం దాకా వదలదు.

తవిటయ్య మీసం కళ్ళ ముందు మెదిలింది.

తొట్టి బిరడా లాగేసి ఉంది. నీళ్ళు పోయాయి గానీ అడుగున తడి ఇంకా ఆరలేదు. కాళ్ళు నానబెట్టుకుంటే నీళ్ళు గోడ మీదికి ఎగరవు. ఇక్కడ ఎగిరాయి. నా భుజాలెత్తు దాకా గోధుమరంగు చుక్కలున్నాయి. ముసలాయన ఎంత కొట్టుకుని ఉంటాడో ఆ గోడే చెబుతోంది. కింద నేలంతా అవే చుక్కలు. అరుగు పక్కన మాత్రం రెండుచోట్ల చుక్క లేకుండా, చెప్పుల ఆకారంలో నేల తెల్లగా ఉంది.

ఆయన చెప్పులు ఇక్కడ విప్పాడు. ఇక్కడే బోర్లించాడు. తలని ఈ తొట్టిలో ముంచి చంపేసి, శవాన్ని నూతిలో పారేసి, చెప్పులు తీసుకుపోయి గట్టు మీద పెట్టాడెవడో. పెట్టేటప్పుడు, ఇందాక నా కాలు చేసినపనే వాడి చెయ్యి చేసింది. ఏ ఇంట్లో పెరిగినవాడైనా చేసే పనే, ఈ గోడలోపల ఉన్నవాళ్ళు తప్ప.

సరిగ్గా అప్పుడు వెనక తలుపు మూసుకుంది. మూసుకోవడమే కాదు, బయట గడియ జారిన చప్పుడు స్పష్టంగా వినిపించింది.

"శ్రావణీ?"

పరిగెత్తి తలుపు లాగాను. కదల్లేదు. బయట ఎండుటాకుల మీద అడుగులు. శ్రావణివి కావు, బరువైనవి. గోడ చుట్టూ తిరిగి మెల్లగా అటువైపు వస్తున్నాయి. డాక్టర్ల తలుపు దగ్గర ఆగాయి. కిటికీలు నా తలకంటే ఎత్తున ఉన్నాయి. అరిచినా రోడ్డు దాకా వినబడదు. పోలీసుద్యోగం చేసినదాన్ని, దొంగల వెనక పట్టాల మీద పరిగెత్తినదాన్ని, ఆ తొట్టికి ఆనుకుని చిన్నపిల్లలా నక్కాను. చేతికి పర్మాంగనేటు సీసా తప్ప ఏదీ దొరకలేదు. అదే గట్టిగా పట్టుకున్నాను.

డాక్టర్ల తలుపు తాళం తిరిగింది.

"ఏటక్కా, పెద్దరోగం గదిలో ఒక్కదానివీ ఏటి సేస్తన్నావు?"

సాయికుమార్! ఒకప్పుడు రక్షక దళంలో నా పక్క బల్ల వాడు. ఇప్పుడు సెక్యూరిటీ ఏజెన్సీ పెట్టి, ఈ ట్రస్టు కాపలా కాంట్రాక్టు పట్టాడు. నాకొచ్చే కేసులు సగం వాడే తన్నుకుపోతాడు. అయినా ఇంటికొస్తే అన్నం పెట్టకుండా పంపను. వీడి దుంపతెగ, ప్రాణాలు తోడేశాడు!

"తలుపెందుకేశావురా?"

"నేనెయ్యలేదు. గాలికి పడుంటాది."

"గడియ కూడా గాలే వేసిందా?"

నవ్వాడు. "పాత గడియలక్కా, వాటికెప్పుడేం బుద్ధి పుడతాదో. నేను మాత్రం ఇటు తాళం నా దగ్గరుంది కాబట్టి ఇటొచ్చాను. పద, బయటికి పద. ఇది ట్రస్టు స్థలం. నాలుగింటికి దారోగా వస్తాడు, కేసు క్లోజ్. వచ్చే నెల మా పాప పెళ్ళి, నీకూ శుభలేఖ ఇచ్చాను కదా. నాకీ గొడవలొద్దు."

"గొడవ నీకొద్దు, నాకు కావాలి. ఇది హత్య."

అప్పుడే శ్రావణి బకెట్‌తో వచ్చి ఇటు గడియ తీసింది. బకెట్లో నీళ్ళు అడుగు కనబడేంత తేటగా ఉన్నాయి. తుప్పూ లేదు, గిప్పూ లేదు.

ఇక నా నోరు ఆగలేదు. ఎన్నాళ్ళకో సాయిగాడి ముందు నా మాట నెగ్గుతోంది కదా అన్న ఉబ్బులో అంతా చెప్పేశాను. మీసం మరక, గోడ మీద చుక్కలు, నేల మీద తెల్లమచ్చలు, గట్టు మీద తిన్నగా పెట్టిన చెప్పులు, అన్నీ. వాడు చేతులు కట్టుకుని విన్నాడు. మధ్యలో ఒక్కసారీ వెక్కిరించలేదు. అది వాడి పద్ధతి కాదు. అప్పుడే నాకు అనుమానం రావలసింది.

"చెప్పులు కానిస్టేబులెవడో తిప్పుంటాడక్కా."

"పోలీసులు రాకముందే ఫోటో తీసింది శ్రావణి."

"ఏదీ?" చెయ్యి చాపాడు. శ్రావణి ఫోనిచ్చింది. దగ్గర పెట్టుకుని చూశాడు. "ఇది ఇంకెవరికైనా పంపించావామ్మా?"

"ఇంకా లేదంకుల్."

"ముసల్ది ఏం చెప్పింది? ఎవరొచ్చారని చెప్పింది?" ఈసారి నా వైపు తిరిగి అడిగాడు. కళ్ళలో నవ్వు లేదు.

"నీకెందుకు?"

ఫోను వాడి చేతిలోంచి జారి బకెట్లో పడింది. శ్రావణి కెవ్వుమంది. వాడు వంగి తీశాడు. తాపీగా తీశాడు. నీళ్ళు కారుతున్న ఫోన్ని ఆ పిల్ల చేతిలో పెట్టి, "అయ్యో, సారీ తల్లీ, కొత్తది కొనిపెడతాను," అన్నాడు.

వాడు జేబురుమాలుతో ఒక్కొక్క వేలూ తుడుచుకున్నాడు.

"అక్కా, నువ్వంటే నాకు గౌరవం. అందుకే చెప్తన్నాను. ఇంటికెళ్ళిపో. సాలువా రోడ్డు మంచిది కాదు, ఆడమనిషివి, స్కూటీ మీద తిరుగుతావు," అని, వచ్చిన తలుపులోంచే బయటికి పోయాడు.

ట్రస్టు పరువు కోసం బెదిరిస్తున్నాడనుకున్నాను. ట్రస్టువాళ్ళలో ఎవడో తవిటయ్య కొడుకై ఉంటాడు, వాడి తరఫున వీడు నడుం కట్టాడని లెక్క వేసుకున్నాను. లెక్క ఎలా ఉన్నా, ముసలమ్మకి మూడిందన్న మాట మాత్రం ఖాయం. నా కాళ్ళకున్న చెప్పులు విప్పి చేత పట్టుకుని పరిగెత్తాను, శ్రావణి నా వెనకే వచ్చింది.

అప్పలనర్సమ్మ తెల్లచీర కట్టుకుని, మూట ఒళ్ళో పెట్టుకుని, గేటు వైపే చూస్తోంది.

"అమ్మా, ఇప్పుడైనా నిజం చెప్పు. తవిటయ్య దూకలేదు. ఎవడో చంపేశాడు. వాడు నిన్ను కూడా ఉంచడు."

"ఏల సంపుతారమ్మా? ఆయనే దూకీసినాడు. సిగ్గేసి దూకీసినాడు."

"చెప్పులు గట్టు మీద ఎలా ఉన్నాయో తెలుసా? బోర్లా లేవు. తిన్నగా ఉన్నాయి."

ముసలమ్మ నా వైపు తిరిగింది. "ఏటన్నావు?"

"తిన్నగా, పట్టీలు పైకి. నా కళ్ళతో చూశాను."

"సావడానికెల్తా కూడా ఆయన అలగ ఒగ్గడు," అంది మెల్లగా.

"ఒగ్గడు. అందుకే చెప్తున్నాను. ఈ గోడలోపల బతికినవాడు కాదు, బయట పెరిగినవాడెవడో పెట్టాడు."

ఆవిడ ముడుచుకున్న రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపు రాలేదు. ఊపిరి ఒక్కటే ఈలలా వచ్చింది.

"ఆడికెవులు నేర్పుతారమ్మా? మూడోనాడే నా పక్కలోంచి ఒట్టుకుపోనారు. నా కాడుంటే నేర్పీదాన్ని."

"ఎవడమ్మా వాడు?"

"నిన్న సాయంత్రం కట్లగదికి వొచ్చినాడు. పేరు సెప్పీకు నాయనా అని ఆయన కాల్లట్టుకున్నాడు. కూతురి పెల్లాగిపోతాదన్నాడు. ఈయన ఇననేదు. సచ్చీముందైనా నా కొడుకుని నా కొడుకని సెప్పుకోనీరా, అన్నాడు. నువ్వు బయటికి పోవే అంటే నాను ఇంటికొచ్చీసినాను. మరి ఆయన రానేదు. ఆడు కాదన్నాడని మనసిరిగి దూకీసినాడనుకున్నాను. ఆడి పేరు బయటికి రాకూడదని నోరు మూసుకున్నాను." ఆగింది. "ఇందాక కట్లగదిలో నీతో మాటాడినాడు సూడు. ఆ గొంతు ఇక్కడికి ఇనబడింది."

సాయి!

తాల్‌బగీచాలో ఫిట్టర్ అనంతరామయ్యగారబ్బాయి సాయి. మా నాన్నా అనంతరామయ్యగారూ ఒకే రైల్వే వర్క్‌షాపులో పనిచేశారు. పెంచుకున్న పిల్లాడని ఎవరూ ఎప్పుడూ అనలేదు. నా పక్కన కూర్చుని నా క్యారేజీలో పులుసన్నం తిన్న చేతులవి. ఆ చేతులతోనే ముసలాయన మెడ పట్టుకుని... వాడికి నేనంతా చెప్పేశాను. వాడేం తప్పు చేశాడో, ఎవరు బయటపెట్టగలరో, ఒక్కటీ మిగల్చకుండా నా నోటితోనే చెప్పేశాను.

"శ్రావణీ, స్కూటీ తియ్యి. అమ్మని మధ్యలో కూర్చోబెట్టుకుని..."

గేటు దగ్గర జీపు హారన్ మోగింది. దారోగా జీపు, దాని వెనకే తెల్లకారు. కారులోంచి సాయి దిగాడు. దారోగా కంటే ముందు గడప దగ్గరికి వచ్చి, చేతులు జోడించి, కొద్దిగా వంగాడు.

"అమ్మా, బయల్దేరుదామా?"

అంతే అన్నాడు. ఎవరైనా అనే మాటే. ముసలమ్మ మాత్రం వర్షంలో నిలబడ్డట్టు ముఖం పైకెత్తి వాడినే చూస్తూ ఉండిపోయింది.

నేను అడ్డం నిలబడ్డాను. "దారోగా బాబూ, వీడే చంపాడు! ఈవిడ కొడుకు వీడే! కట్లగదిలోకి వచ్చి చూడండి!" బెంగాలీ, హిందీ, తెలుగు, ఏది నోటికొస్తే అది వాడి అరిచాను.

సాయి దారోగా వైపు తిరిగి తల అడ్డంగా ఊపాడు. "దీదీకి నామీద పాత కోపం, సార్. ఉద్యోగం పోయినప్పట్నించీ ఇంతే." కానిస్టేబుళ్ళు నవ్వారు. దారోగా ముసలాయన, ఓపికున్నవాడే. నవ్వలేదు. వంగి ముసలమ్మని వచ్చీరాని తెలుగులో అడిగాడు.

"అమ్మా, భయపడొద్దు. ఈ బాబు మీకు తెలుసా? మీ కొడుకా?"

చెప్పమ్మా, ఒక్క మాట చెప్పు. అదొక్కటే నిన్ను కాపాడుతుంది.

అప్పలనర్సమ్మ సాయిని పైనుంచి కిందిదాకా ఒకసారి చూసింది. స్టేషన్లో, బజార్లో ఇన్నేళ్ళూ ఎలా చూసి ముఖం తిప్పుకుందో అలాగే తిప్పుకుంది.

"ఎవులో బాబు. నాకు తెలీదు. మాకు పిల్లల్నేరు," అంది.

కాగితం మీద బొటనవేలు వేయించుకున్నారు. గీతలన్నీ ఎప్పుడో అరిగిపోయిన వేలు. నీలం మచ్చ ఒక్కటే పడింది. ఆవిణ్ణి ఆశ్రమంలో దింపే పని ట్రస్టు తరఫున సాయిదేనట; వాడు మూట అందుకున్నాడు. నేను ముసలమ్మ మోచెయ్యి పట్టుకుని వదల్లేదు. పట్టుకున్నానని ఆ చేతికి తెలియలేదు. చూసి తెలుసుకుని, నా చెవి దగ్గరికి వంగింది.

"నీకు తెలీదమ్మా. ఆడు నన్ను అమ్మా అన్నాడు. ఇన్నేల్లకి అన్నాడు."

"చంపేస్తాడమ్మా నిన్ను!"

"తెలుసు," అంది. నా వేళ్ళు విడిపించుకుని వెళ్ళి కారు వెనక సీట్లో కూర్చుంది. సాయి తలుపు వేశాడు. నెమ్మదిగా, ఆవిడ చీరకొంగు చిక్కకుండా చూసి మరీ వేశాడు. కారు కదిలింది. కానిస్టేబుళ్ళిద్దరూ నా రెక్కలు పట్టుకున్నారు.

"ఏ ఆశ్రమం?" దారోగాని అడిగాను. "ఏ ఆశ్రమానికి తీసుకుపోతున్నాడు? నంబరివ్వండి, మీకు దణ్ణం పెడతాను."

ఆయన విసుక్కుంటూనే కాగితంలో చూసి నంబరు చెప్పాడు. మెదినీపూర్‌లో ఏదో వృద్ధాశ్రమం. కంగారులో నంబరు రెండుసార్లు తప్పు నొక్కాను. మూడోసారి ఎవరో ఆడమనిషి ఎత్తింది. దారోగాకి కూడా వినబడేలా ఫోను స్పీకర్లో పెట్టాను.

"ఖరగ్‌పూర్ నించి అప్పలనర్సమ్మ అని ఒక పెద్దావిడ మీ దగ్గరికి బయల్దేరింది. పేరు రాసుకున్నారా?"

"ఖరగ్‌పూర్ నించా? లేదండీ. ఈ వేళ మా దగ్గరికి ఎవరూ రావడం లేదు. మాతో ఎవరూ మాట్లాడనే లేదే," అంది ఆవిడ బెంగాలీలో.

దారోగా నీలం మచ్చ పడిన కాగితంలో నంబరు మళ్ళీ చూశాడు. నా రెక్కలు పట్టుకున్న చేతులు వాటంతటవే వదిలేశాయి. అందరం గేటు వైపు చూశాం. రోడ్డు ఖాళీగా ఉంది. కారు రేపిన దుమ్ము కూడా అణిగిపోయింది.